సాలీడు చల్లిన దూలగొండి

చిన్నప్పుడు మా బళ్ళో నా బెంచీ మీద ఎవడో దూలగొండి నూగు చల్లాడు. ఎవడో ఏమిటి, మా క్లాసువాడే. వాడి బెంచీ మీద చల్లుదామని నేను దాచుకున్న కాయనే కొట్టేసి మరీ చల్లాడు! ఆ మధ్యాహ్నం నేను ఆడిన తాండవం గురించి మా ఊళ్ళో చాలాకాలం చెప్పుకున్నారు. అందుకేనేమో, హెన్రీ వాల్టర్ బేట్స్ రాసిన అమెజాన్ యాత్రా గ్రంథంలో ఒకచోటికి వచ్చేసరికి నాకు చేతులు దురద పెట్టాయి.

ఈ బేట్స్ ఇంగ్లండులో లెస్టర్ అనే ఊళ్ళో మేజోళ్ళ వ్యాపారి కొడుకు. 1848లో స్నేహితుడు వాలెస్‌తో కలిసి పురుగులూ సీతాకోకచిలుకలూ సేకరించడానికి బ్రెజిల్ వెళ్ళాడు. వాలెస్ నాలుగేళ్ళకే తిరిగొచ్చేశాడు. ఈయన పదకొండేళ్ళు అక్కడే ఉండిపోయాడు. 1863లో పుస్తకం అచ్చయింది. కమెటా అనే ఊరి దగ్గర ఒక పెద్ద సాలీడు రెండు చిన్న పిట్టల్ని పట్టడం చూశానని అందులో రాశాడు. సాలీడు పిట్టను తింటున్నట్టు 1705లోనే మరియా సిబిల్లా మెరియన్ అనే చిత్రకారిణి తన సూరినామ్ పుస్తకంలో బొమ్మ వేసింది. తర్వాతి పండితులు కొందరు అదంతా కట్టుకథ అని కొట్టిపారేశారు. బేట్స్ సాక్ష్యంతో పాపం ఆవిడ మాట నిలబడింది.

లోకానికి ఆ పిట్టలే గుర్తున్నాయి. నాకు మాత్రం ఆ పక్కనున్న నాలుగు మాటలే ముఖ్యం. అలాంటి సాలీణ్ణి మొదటిసారి చంపి, భద్రపరచబోతూ ఆయన ఏమరుపాటున ముట్టుకున్నాడట. మూడు రోజులు నరకం! అంత బాధలోనూ బుర్ర పనిచేసింది, అదీ గొప్ప. ఇది విషం కాదు, పొట్టిగా, బిరుసుగా ఉన్న వెంట్రుకలు చర్మపు సన్నని మడతల్లో దిగబడటం వల్లనేనని అనుకున్నాడు. అచ్చం మన దూలగొండి!

ఆ వెంట్రుకలకు ములుకులున్నాయి. 1972లో ముగ్గురు పరిశోధకులు వాటిని నాలుగు రకాలుగా విడదీసి చూపించారు. గయానా, సూరినామ్, ఉత్తర బ్రెజిల్ వర్షారణ్యాల్లో గోలియత్ అనే సాలీడుంది. కాళ్ళు చాపితే మన అన్నం కంచమంత, సుమారు 28 సెంటీమీటర్లు. కోవాటి లాంటి పొడుగుముక్కు జంతువు దాని కలుగులో ముక్కు పెట్టిందనుకోండి, ఇది ముందుగా కరవదు. ముందరి కాళ్ళ మీది బిరుసు వెంట్రుకల్ని రాపాడించి బుస్సుమంటుంది. నాలుగైదు గజాల దాకా వినిపిస్తుంది. అప్పటికీ పోకపోతే వెనుదిరిగి, వెనక కాళ్ళతో పొట్టను గబగబా గీకుతుంది. నూగు మేఘంలా లేచి వచ్చినవాడి కళ్ళలో, ముక్కులో పడుతుంది. ఆపైన ఆ జంతువు సంగతి నన్నడగండి, చెబుతాను! కోరలు చివరి అస్త్రం. మనిషికి ఆ కాటు కందిరీగ కుట్టినంతేనంటారు.

ఈ యుద్ధానికి ఖర్చుంది. పొట్ట మీద బట్టతల పడుతుంది. మళ్ళీ కుబుసం విడిచేదాకా కొత్త నూగు రాదు. అయినా ఆడ సాలీడు తన గుడ్ల సంచి పట్టులో కూడా కొంత నూగు కలిపి నేస్తుంది, పురుగులు చేరకుండా. వెనెజులాలో పియరోవా తెగవాళ్ళు ఈ సాలీణ్ణి కాల్చుకు తింటారు. ముందు నిప్పుల మీద నూగంతా మాడ్చేస్తారు. తినేవాడికి తెలియకపోతే ఎలా మరి!

మన గుత్తిలో, రైల్వే కలప దొడ్డిలో దొరికిన నీలిరంగు సాలీడుకు 1899లో పోకాక్ అనే ఆంగ్లేయుడు పేరు పెట్టాడు. గోలియత్‌కు దాయాదే గాని, దీనికి ఈ నూగు విద్య లేదు. ఆ విద్య అమెరికా ఖండాల సాలీళ్ళకే సొంతం. మనది చటుక్కున చెట్టు తొర్రలోకి దూరుతుంది. దారి లేకపోతే కరుస్తుంది. ఆ కాటు మాత్రం కందిరీగ లెక్క కాదు.

బేట్స్ మరో ముచ్చట కూడా రాశాడు. ఆయనకు పురుగులు తెచ్చిచ్చే ఒక ఆదివాసీ కుటుంబంలోని పిల్లలు, ఓ పెద్ద సాలీడు నడుముకు తాడు కట్టి, కుక్కపిల్లను తిప్పినట్టు ఇల్లంతా తిప్పుతున్నారట. వాళ్ళకు దురద పెట్టిందని మాత్రం ఆయన ఎక్కడా రాయలేదు.