ఏళ్లుగా షెడ్డులో పడున్న స్పోర్ట్స్ కారు కొంటున్నారా..? ఆగండి.. కీ తిప్పే ముందు ఇవి తెలుసుకోండి!

పాత స్పోర్ట్స్ కారంటే చాలామందికి పిచ్చి. షెడ్డులో దుమ్ము పట్టిన కారు కనిపించిందంటే చాలు.. కొత్త బ్యాటరీ పెట్టి, నాలుగు లీటర్ల పెట్రోల్ పోసి స్టార్ట్ చేసేద్దాం అనిపిస్తుంది. కారు పాడయ్యేది సరిగ్గా అక్కడే! 20 ఏళ్లు కదలకుండా ఉన్నా బాగానే ఉన్న ఇంజిన్ ఆ మొదటి ఐదు నిమిషాల్లో దెబ్బతినొచ్చు. మరి కొనేటప్పుడు ఏం చూడాలి? ఇంటికి తెచ్చాక ఏది ముందు, ఏది తర్వాత చేయాలి? ఇప్పుడు చూద్దాం.

దుమ్ముతోనే వంద కోట్లు!

2014లో పశ్చిమ ఫ్రాన్స్‌లోని ఓ ఎస్టేట్‌లో దాదాపు 60 పాత కార్లు బయటపడ్డాయి. రోజర్ బైయోన్ అనే ట్రాన్స్‌పోర్ట్ వ్యాపారి ఎప్పుడో కొని దాచినవి అవి. అందులో ఓ ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ పాత పత్రికల కట్టల కింద ఉంది. ఒకప్పుడు ఫ్రెంచ్ హీరో అలెన్ డెలాన్ వాడిన కారది. దుమ్ము కూడా తుడవకుండా 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో వేలం వేస్తే 1.6 కోట్ల యూరోలకు పైగా పలికింది. అప్పటి లెక్కలో మన వంద కోట్ల రూపాయలు దాటినట్టే.

అలాంటి అదృష్టం అందరికీ రాదు. మామూలు జీతగాడికి దొరికే పాత స్పోర్ట్స్ కారు ఏదంటే.. ముందుగా వినిపించే పేరు ఎంజీబీ.

ఎంజీబీనే ఎందుకు?

ఇంగ్లండ్‌లోని అబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 వరకు తయారైన రెండు డోర్ల కారు ఇది. 1798 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజిన్. జీటీ మోడల్‌తో కలిపి 5 లక్షలకు పైగా తయారయ్యాయి. అందులో ఎక్కువ భాగం అమెరికాకే వెళ్లాయి. అందుకే అమెరికా, బ్రిటన్‌లలో ఉంటున్న మనవాళ్లకు పక్కింటి పెద్దాయన గ్యారేజీలోనే ఇది కనిపించే ఛాన్స్ ఉంది. స్పేర్ పార్ట్స్‌కు కొదవ లేదు. కంప్లీట్ బాడీ షెల్ కూడా బ్రిటన్‌లో కొత్తగా తయారై దొరుకుతుంది. చేయి తిరగని వాళ్లు కూడా నేర్చుకునేంత సింపుల్ ఇంజిన్.

కొనే ముందు: మొదట కాగితాలు.. తర్వాత తుప్పు

ముందు చూడాల్సింది ఇంజిన్ కాదు, కాగితాలు. అమెరికాలో అయితే టైటిల్, బ్రిటన్‌లో అయితే వీ5సీ పత్రం. కారు మీదున్న ఛాసిస్ నంబర్, కాగితంలో ఉన్న నంబర్ ఒక్కటేనా కాదా చూసుకోండి. కాగితాల్లేని కారు ఎంత చవకగా వచ్చినా అది స్పేర్ పార్ట్స్ కుప్ప కిందే లెక్క.

రెండోది తుప్పు. ఎంజీబీకి విడిగా ఛాసిస్ ఉండదు. బాడీనే బరువంతా మోస్తుంది. డోర్ల కింద పొడవునా ఉండే రేకు భాగాన్ని సిల్ అంటారు. కారుకు వెన్నెముక లాంటిది అదే. చిన్న అయస్కాంతం తీసుకెళ్లి సిల్స్ మీద పెట్టి చూడండి. అంటుకోలేదంటే పెయింట్ కింద ఉన్నది రేకు కాదు, పుట్టీ! డోర్ పై భాగంలో గ్యాప్ సన్నగా, కింద వెడల్పుగా ఉంటే బాడీ కుంగిందేమోనని అనుమానించాల్సిందే. కార్పెట్ ఎత్తి ఫ్లోర్ చూడండి. సీట్ల వెనక బ్యాటరీ పెట్టే అరలు కూడా తుప్పుకు ఫేవరెట్ ప్లేస్.

ఇంజిన్ జామ్ అయినా బాగు చేయించొచ్చు. కానీ సిల్స్, ఫ్లోర్ కుళ్లిపోతే వెల్డింగ్ ఖర్చు కారు ధరను దాటిపోవచ్చు. అందుకే పెయింట్ మెరుస్తూ కింద కుళ్లిన కారు కంటే, రంగు వెలిసినా రేకు గట్టిగా ఉన్న కారే బెటర్.

ఇంటికి తెచ్చేటప్పుడు..

తాడు కట్టి లాక్కురావద్దు. బ్రేకులు పట్టేసి ఉండొచ్చు, అసలు పడకపోనూ వచ్చు. వెనక ఫ్లాట్‌గా ఉండే టోయింగ్ బండి మీదే తేవాలి.

తెచ్చాక మొదటి పని శుభ్రం చేయడం. ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్, సీట్ల స్పాంజి.. ఎలుకలు గూళ్లు పెట్టే చోట్లు ఇవే. వైర్లు కొరికేస్తే షార్ట్ సర్క్యూట్ అయి మంటలు రావొచ్చు. ఎలుకల పెంటతో హంటా వైరస్ లాంటి జబ్బులు వచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి మాస్కు, గ్లవ్స్ లేకుండా చేయి పెట్టొద్దు. పొడిగా ఊడవకుండా ముందు క్రిమిసంహారక మందుతో తడిపి తీయాలి. పాత బ్రేక్ లైనింగ్‌లలో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ దుమ్మును గాలి కొట్టి దులపడం చాలా డేంజర్.

ఇంజిన్: ముందు చేత్తో.. తర్వాతే సెల్ఫ్

ఏళ్ల తరబడి ఆగిన ఇంజిన్‌లో సిలిండర్ గోడల మీద ఆయిల్ పొర ఆరిపోతుంది. పిస్టన్ రింగులు తుప్పుతో అతుక్కుపోవచ్చు. అప్పుడు సెల్ఫ్ కొడితే రింగులు విరగొచ్చు, గోడలు గీసుకుపోవచ్చు. అందుకే ఈ వరుస తప్పొద్దు.

1. ఆయిల్ గేజ్ పుల్ల తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే. ఆయిల్, ఫిల్టర్ మార్చేయండి.

2. స్పార్క్ ప్లగ్‌లు తీసి ఒక్కో సిలిండర్‌లో కొద్దిగా ఆయిల్ వేయండి. ఒకటి రెండు రోజులు నాననివ్వండి.

3. గేర్ న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ నట్‌కు స్పానర్ వేసి ఇంజిన్‌ను చేత్తో మెల్లగా తిప్పండి. కదలకపోతే బలం ప్రయోగించొద్దు. మళ్లీ ఆయిల్ వేసి ఆగండి. అయినా కదలకపోతే ఇంజిన్ విప్పాల్సిందే.

4. రెండు రౌండ్లు ఫ్రీగా తిరిగాక, ప్లగ్‌లు లేకుండానే, ఇగ్నిషన్ కరెంట్ కట్ చేసి సెల్ఫ్ కొట్టండి. ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచే దాకా ఆగి ఆగి కొట్టాలి. ముల్లు లేచాకే ప్లగ్‌లు బిగించాలి.

ఇక్కడ బ్యాటరీతో జాగ్రత్త! 1967కి ముందు వచ్చిన ఎంజీబీల్లో బ్యాటరీ పాజిటివ్ వైరు బాడీకి కలిపి ఉంటుంది. అంటే ఇప్పటి కార్లకు పూర్తిగా రివర్స్. అలవాటు కొద్దీ నెగెటివ్ కలిపితే పార్టులు కాలిపోవచ్చు.

పాత పెట్రోల్.. పెద్ద తలనొప్పి

ఏళ్ల తరబడి నిల్వ ఉన్న పెట్రోల్ జిగురుగా మారి వార్నిష్ వాసన వస్తుంది. అది ఒక్క చుక్క కూడా ఇంజిన్‌లోకి పోకూడదు. ట్యాంక్ ఖాళీ చేసి లోపల తుప్పు ఉందేమో చూడాలి. రబ్బరు పైపులన్నీ మార్చాలి. కార్బురేటర్లు విప్పి కడగాలి.

ఎంజీబీలో పెట్రోల్ పంప్ కరెంట్‌తో పనిచేస్తుంది. కీ ఆన్ చేయగానే టక్‌టక్‌మని కొట్టుకుని, కార్బురేటర్లు నిండగానే ఆగిపోవాలి. ఆగకుండా కొట్టుకుంటుంటే ట్యాంక్ ఖాళీ అయినా అయ్యుండాలి, ఎక్కడో పెట్రోల్ కారుతూనైనా ఉండాలి. కార్బురేటర్ల కిందే వేడెక్కే సైలెన్సర్ గొట్టాలు ఉంటాయి. ఓ చుక్క పడినా మంటే! ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కన లేకుండా స్టార్ట్ చేయొద్దు.

స్టార్ట్ కాకముందే బ్రేకులు

చాలామంది ఇంజిన్ చప్పుడు విన్న సంతోషంలో బండి రోడ్డెక్కిస్తారు. బ్రేకుల సంగతి మర్చిపోతారు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. దాంతో లోపల తుప్పు పడుతుంది, రబ్బరు సీళ్లు పాడవుతాయి. పాత ఎంజీబీల్లో నాలుగు చక్రాలకూ ఒకటే బ్రేక్ లైన్. ఒక్క పైపు పగిలితే బ్రేకులన్నీ పోయినట్టే! మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, రబ్బరు హోస్‌లు విప్పి చెక్ చేయాల్సిందే. మంచిగా కనిపించినా హోస్‌లు మార్చడమే సేఫ్.

బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన, పెద్దగా మార్పులు చేయని కార్లకు ఏటా జరిగే ఎంవోటీ పరీక్ష నుంచి మినహాయింపు ఉంది. అంటే బ్రేకులు పడతాయా లేదా అని చూసేవాళ్లు ఎవరూ ఉండరు. బాధ్యత మొత్తం ఓనర్‌దే.

టైర్ల గ్రిప్ కొత్తదానిలా ఉన్నా నమ్మొద్దు. టైరు పక్కన డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 2308 అని ఉంటే 2008లో 23వ వారం తయారైందని అర్థం. మూడే అంకెలుంటే అది 2000కి ముందుది. ఇంకో మాట లేకుండా మార్చేయాలి.

మొదటి స్టార్ట్.. మొదటి రైడ్

ఇంజిన్ స్టార్ట్ చేసేది ఆరుబయటే. మూసిన గ్యారేజీలో పొగ నిండితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. కొత్త కూలెంట్ పోశాకే స్టార్ట్ చేయాలి. మొదట నీలం పొగ వస్తే కంగారొద్దు, సిలిండర్లలో వేసిన ఆయిల్ కాలుతోందంతే. కానీ తెల్ల పొగ ఆగకుండా వస్తూ కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ పోయిందేమో చూడాలి. ఆయిల్ ప్రెషర్ కొన్ని సెకన్లలో లేవకపోతే వెంటనే ఆపేయండి. ఇంజిన్ వేడెక్కాక బండి నడుస్తున్నప్పుడు 50 నుంచి 80 పీఎస్ఐ మధ్య ఉంటే సేఫ్.

మొదటి రైడ్ ఇంటి ఆవరణలోనే. బ్రేకులు సరిగ్గా పడ్డాక వీధి చివరి దాకా. ఆ తర్వాత ఆయిల్ మళ్లీ మార్చాలి. హైవే ఎక్కడం, పెయింట్ వేయించడం అన్నిటికన్నా చివరి పనులు.

మన దగ్గర అయితే రూల్స్ ఏంటి?

ఏపీ, తెలంగాణలో పాత కారు ఏది కొన్నా ఇంజిన్ పనులు పైవే. కాగితాల లెక్క మాత్రం వేరు. ప్రైవేటు కారు ఆర్‌సీ 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 20 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో రూ.10 వేలకు పెంచింది. దిగుమతి చేసుకున్న కార్లకైతే రూ.80 వేలు. గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం.

50 ఏళ్లు దాటి, ఒరిజినల్ రూపం మారని కార్లకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. నంబర్ ప్లేటుపై రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని ఉంటుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. రీ-రిజిస్ట్రేషన్‌కు రూ.5 వేలు. అయితే ఈ కార్లను రోజూ తిప్పడానికి వీల్లేదు. ర్యాలీలు, ఎగ్జిబిషన్లు, టెక్నికల్ రీసెర్చ్, పెట్రోల్, రిపేర్ల కోసమే రోడ్డెక్కాలి.

విదేశీ కారైతే కస్టమ్స్ సుంకం కట్టిన కాగితాలు తప్పక అడగండి. వేరే రాష్ట్రం బండైతే ఎన్‌వోసీ ఉండాలి. ఫామ్ 29, 30 మీద ఆర్‌సీలో పేరున్న ఓనర్ సంతకం ఉంటేనే డబ్బులివ్వండి. ఓనర్ చనిపోయి ఉంటే ముందు వారసుల పేరుకు ఆర్‌సీ మార్పించమనండి.

మరో విషయం.. ఇప్పుడు మన బంకుల్లో దొరికేది ఈ20 పెట్రోల్. పాత కార్ల రబ్బరు పైపులు, సీళ్లు ఇథనాల్‌కు తట్టుకోలేవు. పైపులు మార్చేటప్పుడే ఇథనాల్‌కు తట్టుకునే రకం వేయించుకోండి. నెలల తరబడి బండి తీయకపోతే ట్యాంకులో పెట్రోల్ నిల్వ ఉంచొద్దు.