నిద్ర లేచిన ల్యాప్‌టాప్‌కి వైఫై ఎందుకు గుర్తుండదు?

ఈ వారం ఎపిసోడ్‌లో టైమ్ చాలక వదిలేసిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను. ఎపిసోడ్ వినని వాళ్లకి కూడా అర్థమయ్యేలా మొదటినుంచీ చెబుతాను.

ప్రశ్న దలా నుంచి వచ్చింది. యంగోన్ నగరానికి ఎదురుగా, నదికి అవతలి ఒడ్డున ఉండే ఊరు అది. అక్కడి తెలుగు కుటుంబంలో పుట్టిన ఒక శ్రోత వాయిస్ మెసేజ్ పెట్టారు. తెలుగు బాగా మాట్లాడతారు, చదవడం మాత్రం రాదట. "అన్నా, మాకు కరెంటు వంతుల మీద వస్తాది. బ్యాటరీ మిగలాలని ల్యాప్‌టాప్ మూసేస్తాను. మళ్లీ తెరిస్తే అన్నీ ఉంటాయి, వైఫై ఒక్కటే ఉండదు. రీస్టార్ట్ చేస్తే వస్తాది గానీ ఈలోగా పని పంపాల్సిన టైమ్ దాటిపోతాది. నేనేటైనా తప్పు చేస్తన్నానా?" అని అడిగారు. ఆవిడ చేసేది ఇంటి నుంచి లెక్కలు రాసే పని. టైమ్‌కి పంపకపోతే ఆ రోజు డబ్బులు రావు.

తప్పు ఆవిడది కాదు. ఎక్కడుందో తెలియాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్లాలి.

రెండు వేర్వేరు బల్లల దగ్గర రాసిన రూల్స్

1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఏపీఎం అనే పద్ధతి తెచ్చాయి. అందులో ల్యాప్‌టాప్‌ని నిద్రపుచ్చే పని ఎక్కువగా బయాస్‌ది. అంటే మెషీన్‌లోనే పుట్టుకతో ఉండే చిన్న ప్రోగ్రామ్‌ది. పైన నడిచే విండోస్‌కి లోపల ఏం జరుగుతోందో పూర్తిగా తెలిసేది కాదు. 1996 డిసెంబర్‌లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ తెచ్చాయి. దాంతో పెత్తనం ఆపరేటింగ్ సిస్టమ్ చేతికొచ్చింది. నిద్రకి మెట్లు కూడా ఏర్పడ్డాయి. ఎస్3 అంటే మెమరీకి తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు ఆపేయడం. ఎస్4 అంటే మెమరీలో ఉన్నదంతా డిస్క్ మీద రాసేసి పూర్తిగా పడుకోవడం. దాన్నే మనం హైబర్నేట్ అంటాం.

ఇప్పుడు తేదీలు చూడండి. వైఫైకి మూలమైన 802.11 ప్రమాణం ఆమోదం పొందింది 1997లో. అంటే నిద్ర రూల్స్ అచ్చయ్యే నాటికి వైఫై ప్రమాణం ఇంకా పూర్తికాలేదు. ఒక బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల ధ్యాస కరెంటు ఆదా మీద, ఇంకో బల్ల దగ్గర వాళ్ల ధ్యాస రేడియో మీద. వైఫై వాళ్లు కూడా నిద్ర గురించి ఆలోచించారు, కాకపోతే అది కునుకు మాత్రమే. రౌటర్ సాధారణంగా సెకనుకి పదిసార్లు 'నేనున్నాను' అని సంకేతం పంపుతుంది. ఆ రెండు సంకేతాల మధ్య కార్డు కాస్త కళ్లు మూసుకోవచ్చు. గంటసేపు మూత వేసి ఉంచే నిద్ర వేరు.

2003 మార్చిలో ఇంటెల్ సెంట్రినో వచ్చాక, మధ్యతరగతి కొనే ల్యాప్‌టాప్‌లో కూడా వైఫై లోపలే అమరి రావడం మామూలైంది. రెండు బల్లల మీద రాసిన రూల్స్ ఒకే పెట్టెలో చేరాయి. మన తలనొప్పి ఆ అతుకు దగ్గరే ఉంది.

ముగ్గురు మర్చిపోతారు

మూత తెరిచాక వైఫై రావాలంటే మూడు చోట్ల జ్ఞాపకం కావాలి.

మొదటిది కార్డు. చాలా వైఫై కార్డులకి తమ పని ఎలా చేయాలో చెప్పే ఫర్మ్‌వేర్ లోపల శాశ్వతంగా ఉండదు. కరెంటు వచ్చిన ప్రతిసారీ డ్రైవర్ దాన్ని కార్డులోకి ఎక్కించాలి. నిద్రలో కార్డుకి కరెంటు పోయిందని డ్రైవర్ గ్రహించకపోతే, ఖాళీ బుర్రతో ఉన్న కార్డుతో మాట్లాడుతూ కూర్చుంటుంది.

రెండోది రౌటర్. ఇది అర్థం కావడానికి దలా చరిత్రే పనికొస్తుంది. అక్కడి డాక్‌యార్డు 1865లో మొదలైన ఇరావడీ ఫ్లోటిల్లా కంపెనీది. నదికి ఇవతల రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువ. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద తెల్లదొరలు వాళ్లని 'కోరంగీలు' అనేవారు. పనికి కుదిర్చేది మేస్త్రీ. రౌటర్ కూడా అలాంటి మేస్త్రీ అనుకోండి. దాని పట్టీలో పేరుంటేనే పని. చాలాసేపు పలకకపోతే పేరు కొట్టేస్తుంది. 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2 పద్ధతిలో, తిరిగి చేరేటప్పుడు ఇద్దరూ నాలుగు సందేశాలు మార్చుకుని కొత్త తాళంచెవులు చేసుకోవాలి. ల్యాప్‌టాప్ పాత చెవి పట్టుకుని 'నేను లోపలే ఉన్నాను' అనుకుంటే తలుపు తెరుచుకోదు.

మూడోది ఐపీ అడ్రస్. 1993 నాటి డీహెచ్‌సీపీ పద్ధతిలో అడ్రస్ సొంతం కాదు, గడువు పెట్టి ఇచ్చే అద్దె. నిద్రలో గడువు దాటితే మళ్లీ అడగాలి. 'కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు' అని చూపించడానికి తరచూ కనిపించే కారణాల్లో ఇదొకటి.

దలాలో దీనికి ఇంకో చిక్కు తోడైంది. కరెంటు పోతే రౌటర్ కూడా ఆగిపోతుంది. మళ్లీ వచ్చేసరికి దాని పట్టీ ఖాళీ. అంటే రెండు వైపులా మతిమరుపే.

మరి ఏం చేయాలి?

రీస్టార్ట్‌కి ముందు ఈ వరుసలో చూడండి.

1. ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేసి, పది సెకన్లాగి ఆఫ్ చేయండి. రౌటర్‌తో కొత్తగా చేరిక, కొత్త అడ్రస్ రెండూ జరుగుతాయి.

2. వైఫై గుర్తే మాయమైతే సమస్య కార్డుది. విండోస్‌లో డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి, వైఫై కార్డుని డిసేబుల్ చేసి మళ్లీ ఎనేబుల్ చేయండి. లినక్స్‌లో అయితే డ్రైవర్ మాడ్యూల్‌ని తీసేసి మళ్లీ ఎక్కించండి.

3. అదే చోట పవర్ మేనేజ్‌మెంట్ అనే ట్యాబ్ ఉంటే, 'కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు' అనే అర్థం వచ్చే టిక్ తీసేయండి. కొత్త మెషీన్లలో ఈ ట్యాబ్ చాలాసార్లు ఉండదు. 2012లో విండోస్ 8తో ఫోన్‌లాంటి నిద్ర మొదలైంది. ఇప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లలో పాత ఎస్3 లేదు.

4. ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ సైట్ నుంచి వైఫై డ్రైవర్ తెచ్చి వేయండి. జబ్బు డ్రైవర్‌లో ఉంటే శాశ్వత మందు ఇదే.

5. గంటల తరబడి మూసి ఉంచేటప్పుడు స్లీప్ బదులు హైబర్నేట్ వాడండి. లేవడానికి కాస్త ఆలస్యమవుతుంది గానీ బ్యాటరీ దాదాపు కరగదు, కార్డు కూడా మొదటినుంచీ మేలుకుంటుంది.

ఒక మెలిక కూడా ఉంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ అనేది పూర్తి షట్‌డౌన్ కాదు, సగం హైబర్నేటే. అందుకే ఆపి వెలిగించినా పోని జబ్బు రీస్టార్ట్‌తో పోతుంది.

నెట్టే నిద్రపోయిన రాత్రులు

మియన్మార్‌లో ఇంకోటి కూడా చూసుకోవాలి. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం తీసుకుంది. 15వ తేదీ నుంచి వారాల తరబడి రాత్రి ఒంటిగంట నుంచి పొద్దున తొమ్మిది దాకా దేశమంతా ఇంటర్నెట్ ఆపేశారు. మార్చిలో మొబైల్ డేటా కోసేశారు. ఏప్రిల్ 2 నుంచి వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ కూడా లేదు. ఆ రోజుల్లో మూత తెరిచి ఎన్ని సెట్టింగులు మార్చినా ఏం లాభం? మెలకువ రావాల్సింది ల్యాప్‌టాప్‌కి కాదు.

కాబట్టి దేన్నీ ముట్టుకోకముందు అదే వైఫై మీద ఇంకో ఫోన్ పెట్టి చూడండి. ఫోన్‌లో నెట్ వస్తే పైన చెప్పిన వరుస మొదలుపెట్టండి. ఫోన్‌లో కూడా రాకపోతే ల్యాప్‌టాప్ జోలికి పోవద్దు. మూత వేసి బ్యాటరీ దాచుకోండి.