చిన్న పరిశ్రమ, వెనుకబడిన వర్గం: రెండు ధ్రువపత్రాల చరిత్ర
(తిరుపతి – చిత్తూరు ప్రాంతం ఆధారంగా ఒక పరిశీలన)

ప్రవేశిక

మన దేశంలో ప్రభుత్వమే అతిపెద్ద కొనుగోలుదారు. తిరుపతి సమీపంలోని రైల్వే క్యారేజ్ రిపేర్ షాపుకు కావలసిన విడిభాగాల నుండి కార్యాలయాల్లో వాడే ఫైళ్ల వరకు ప్రతి వస్తువునూ ఎవరో ఒకరు సరఫరా చేయాలి. ఈ సరఫరాలో చిన్న ఉత్పత్తిదారులకూ, సామాజికంగా అణగారిన వర్గాల వారికీ కొంత వాటా దక్కాలన్న ఆలోచన స్వాతంత్ర్యానంతర ఆర్థిక చరిత్రలో క్రమంగా రూపుదిద్దుకుంది. అయితే వాటా ఇవ్వాలంటే ముందుగా రెండు ప్రశ్నలకు జవాబు కావాలి. ఎవరు చిన్న? ఎవరు అణగారిన వర్గం? ఈ రెండింటికీ ప్రభుత్వం ధ్రువపత్రాల ద్వారానే జవాబు చెబుతూ వచ్చింది. మొదటి పత్రం పరిశ్రమల శాఖది, రెండవది రెవెన్యూ శాఖది. గత డెబ్బై ఏళ్లలో మొదటి పత్రం పొందడం బాగా సులువైంది. రెండవదాని దారి వేరుగా సాగింది. ఈ తేడా ఎలా ఏర్పడిందో, దాని ఫలితమేమిటో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

"చిన్న" అనే మాటకు మారుతూ వచ్చిన అర్థం

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చే వరకు మద్రాసు పాలనలోనే ఉంది. పరిశ్రమలకు సర్కారు సాయం చేసే చట్టం మద్రాసు రాష్ట్రంలో 1920లలోనే వచ్చింది. కానీ ప్రభుత్వ కొనుగోళ్లలో చిన్నవారికి ప్రాధాన్యం అనేది మాత్రం 1955 తరువాతి మాట. ఆ సంవత్సరంలోనే జాతీయ చిన్న పరిశ్రమల సంస్థ ఏర్పడింది. ప్రభుత్వ టెండర్లలో చిన్న పరిశ్రమల తరఫున నిలబడడం, వాటిని నమోదు చేసి సామర్థ్యానికి పూచీ ఇవ్వడం దాని పనుల్లో ముఖ్యమైనవి. ఈ నమోదు ఉన్నవారికి టెండరు పత్రాలు ఉచితం, ధరావతు సొమ్ము కట్టనక్కరలేదు.

1955 నిర్వచనం ప్రకారం, స్థిరాస్తులు 5 లక్షల రూపాయలకు మించకుండా, విద్యుత్తు వాడితే 50 మందికి లోపు, వాడకపోతే 100 మందికి లోపు కార్మికులున్నదే చిన్నతరహా పరిశ్రమ. 1960లో కార్మికుల సంఖ్య అనే షరతు తొలగిపోయింది. 1966లో యంత్రాల విలువ ఒక్కటే కొలమానంగా 7.5 లక్షలు నిర్ణయించారు. 1975లో 10 లక్షలు, 1980లో 20 లక్షలు, 1985లో 35 లక్షలు, 1991లో 60 లక్షలు. 1997లో ఒక్కసారిగా 3 కోట్లకు పెంచారు. తీవ్ర వ్యతిరేకత రావడంతో 1999లో ఒక కోటికి తగ్గించారు. విద్యార్థులు ఈ చివరి ఘట్టాన్ని ప్రత్యేకంగా గమనించాలి. హద్దు పెరిగినప్పుడల్లా అప్పటి వరకు "పెద్ద" అనిపించుకున్నవారు "చిన్న" వరుసలోకి వచ్చి చేరతారు. వాటా పరిమాణం మాత్రం అదే. వరుసలో అట్టడుగున ఉన్నవారికి పోటీ పెరుగుతుంది. 1997–99 వివాదమంతా దీని మీదే నడిచింది.

హద్దు ఇలా మారుతుండగా ధ్రువపత్రం పొందే పద్ధతి కూడా మారింది. 1978లో జిల్లా పరిశ్రమల కేంద్రాలు మొదలయ్యాయి. గాజులమండ్యం పారిశ్రామికవాడలో షెడ్డు వేసుకున్న లేత్ యజమానైనా, నగరి, పుత్తూరు ప్రాంతాల్లో మరమగ్గాలు నడిపే వ్యక్తి అయినా చిత్తూరులోని కేంద్రానికి దరఖాస్తు పెట్టుకోవాలి. ముందు తాత్కాలిక నమోదు. ఉత్పత్తి మొదలైన తరువాత అధికారి వచ్చి యంత్రాలు చూసి శాశ్వత నమోదు ఇస్తాడు. నమోదు తప్పనిసరి కాదు గానీ అది లేకుండా బ్యాంకు రుణం, రాయితీ, టెండరు ఏదీ కదలదు. కాబట్టి ఆచరణలో అది తప్పనిసరే.

ఈ తనిఖీల వ్యవస్థను మార్చినది 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం. అదే ఏడాది అక్టోబరు 2 నుండి ఇది అమలులోకి వచ్చింది. "నమోదు" స్థానంలో "సమాచారం దాఖలు" అనే పద్ధతి ప్రవేశించింది. 2015 సెప్టెంబరులో ఉద్యోగ్ ఆధార్ వచ్చింది. యజమాని తన వివరాలు తానే ప్రకటించి ఆన్‌లైన్‌లో నింపితే చాలు. 2020 జులై 1 నుండి ఉద్యమ్ నమోదు దాని స్థానాన్ని తీసుకుంది. పాన్, జి.ఎస్.టి. వివరాలతో అనుసంధానం ఉన్నందున కాగితాలేవీ జతచేయనక్కరలేదు, రుసుము లేదు. పాత పత్రాలు 2022 జూన్ 30 వరకే చెల్లాయి. ఒకప్పుడు పలమనేరు నుండి చిత్తూరుకు ఎన్నోసార్లు తిరిగితే గాని దొరకని పత్రం ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఫోనులో దొరుకుతోంది. దీన్ని నిస్సందేహంగా మేలు అనే చెప్పాలి.

కుల ధ్రువపత్రం: వేరొక దారి

రెండవ పత్రం చరిత్ర పూర్తిగా వేరు. ఎస్.సి., ఎస్.టి. జాబితాలను రాజ్యాంగంలోని 341, 342 అధికరణాల ప్రకారం రాష్ట్రపతి ప్రకటిస్తారు, పార్లమెంటు మాత్రమే మార్చగలదు. జాబితాలో ఉన్న కులానికి ఒక వ్యక్తి చెందినట్లు చెప్పవలసింది మాత్రం స్థానిక రెవెన్యూ అధికారి. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో మండల వ్యవస్థ వచ్చినప్పుడు ఈ పని తాలూకా కార్యాలయం నుండి మండల కార్యాలయానికి దగ్గరైంది. తప్పుడు పత్రాలు ఎక్కువ కావడంతో రాష్ట్రం 1993లో కుల ధ్రువపత్రాల జారీని క్రమబద్ధం చేసే చట్టం తెచ్చింది, 1997లో నియమాలు చేసింది. 1994లో కుమారి మాధురి పాటిల్ కేసులో సుప్రీంకోర్టు పరిశీలన కమిటీలు ఉండాలని చెప్పింది. అంటే పరిశ్రమ పత్రం విషయంలో ప్రభుత్వం తనిఖీని తగ్గిస్తూ పోయిన కాలంలోనే, కుల పత్రం విషయంలో తనిఖీని పెంచుతూ వచ్చింది. ఇందులో అన్యాయమేమీ లేదు. బూటకపు పత్రంతో ఒకరు లాభపడితే నష్టపోయేది అసలైన లబ్ధిదారుడే. కానీ ఈ భారం పడేది కూడా ఆ అసలైన లబ్ధిదారుడి మీదేనని మరువరాదు.

2011 నవంబరులో మీసేవ మొట్టమొదట చిత్తూరు జిల్లాలోనే మొదలైంది. 2019 నుండి గ్రామ, వార్డు సచివాలయాలు తోడయ్యాయి. దరఖాస్తు పెట్టడం సులువైంది గానీ విచారణ అలాగే ఉంది.

ఇక సరిహద్దు సమస్య. చిత్తూరు జిల్లాకు ఒకపక్క తమిళనాడు, మరోపక్క కర్ణాటక. ఎరుకలవారు ఆంధ్రలో షెడ్యూల్డు తెగ. వారితో బంధుత్వం, వృత్తి సామ్యం ఉన్న కొరమ, కొరచ సమూహాలు కర్ణాటకలో షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్నాయి. తమిళనాడులో కురవన్ పేరుతో ఒక భాగం షెడ్యూల్డు కులంగా ఉంది. వాల్మీకి బోయలు ఆంధ్రలోనే ఏజెన్సీ ప్రాంతాల్లో ఎస్.టి., రాయలసీమలో బి.సి. నక్కలవారు మన రాష్ట్రపు ఎస్.టి. జాబితాలోకి 2002 నాటి సవరణ చట్టం ద్వారా గాని రాలేదు. దానికి ముందు పుట్టి పెరిగిన తరం పూసలు, పిన్నీసులు అమ్ముకుంటూ ఎస్.టి. గుర్తింపు లేకుండానే బతికింది. వలస వెళ్లిన వ్యక్తికి సొంత రాష్ట్రపు ఎస్.సి., ఎస్.టి. హోదా కొత్త రాష్ట్రంలో వర్తించదని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో తీర్పు చెప్పింది. ఆ పిటిషనరు ఆంధ్ర నుండి మహారాష్ట్రకు వెళ్లిన కుటుంబానికి చెందినవాడే. మతం విషయం కూడా ఉంది. క్రైస్తవం స్వీకరించిన దళితులను రాష్ట్రం బి.సి.–సి విభాగంలో ఉంచింది. కాబట్టి వారు ఎస్.సి. వాటాకు అర్హులు కారు.

రెండు పత్రాలు కలిసిన చోటు

ఈ రెండు దారులూ 2012లో ఒకచోట కలిశాయి. 2006 చట్టంలోని 11వ సెక్షను కింద కేంద్రం ఆ ఏడాది మార్చిలో సూక్ష్మ, చిన్న సంస్థల ప్రభుత్వ కొనుగోలు విధానాన్ని ప్రకటించింది. కేంద్ర మంత్రిత్వ శాఖలు, విభాగాలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో 20 శాతం ఈ సంస్థల నుండి కొనాలి. అందులో ఐదో వంతు, అంటే మొత్తంలో 4 శాతం, ఎస్.సి., ఎస్.టి. యజమానుల సంస్థల నుండి కొనాలి. 2015 ఏప్రిల్ నుండి ఇది తప్పనిసరి అయింది. 358 వస్తువులు పూర్తిగా సూక్ష్మ, చిన్న సంస్థలకే కేటాయించారు. 2018 నవంబరులో 20 శాతాన్ని 25కు పెంచి, మహిళలకు 3 శాతం చేర్చారు. ఎస్.సి., ఎస్.టి.ల 4 శాతం మాత్రం పెరగలేదు.

సంస్థ ఎస్.సి. లేదా ఎస్.టి.దని ఎప్పుడు చెప్పవచ్చు? ఒకరే యజమాని అయితే అతడు ఆ వర్గం వాడై ఉండాలి. భాగస్వామ్యమైనా, ప్రైవేటు కంపెనీ అయినా కనీసం 51 శాతం వాటా ఆ వర్గం చేతిలో ఉండాలి.

ఈ విధానం పనిచేసే తీరును ఒక ఉదాహరణతో చూద్దాం. రైల్వే ఒక విడిభాగానికి టెండరు పిలిచింది. ఒక పెద్ద కంపెనీ 100 రూపాయలకు ఇస్తానంది, అదే అతి తక్కువ ధర. రేణిగుంట దగ్గరి చిన్న యూనిట్ 112 రూపాయలు కోట్ చేసింది. 15 శాతం తేడా లోపల ఉంది గనుక 100 రూపాయలకు దిగివస్తే ఆర్డరులో 25 శాతం దానికి ఇవ్వవచ్చు. అంటే ఇక్కడ ఇచ్చేది అవకాశమే, అధిక ధర కాదు. నూలు, ఇనుము చిల్లరగా కొనుక్కునే యూనిట్‌కు ఆ 12 రూపాయలు వదులుకోవడం ఎంత కష్టమో లెక్క వేసుకుంటే తెలుస్తుంది.

అసలు కీలకం ఉత్తర్వులోని ఒక చిన్న వాక్యంలో ఉంది. ఎస్.సి., ఎస్.టి. సంస్థలు టెండరులో పాల్గొనకపోయినా, షరతులకు, ధరకు తూగకపోయినా, ఆ 4 శాతాన్ని ఇతర సూక్ష్మ, చిన్న సంస్థల నుండి పూరించుకోవచ్చు. దీంతో కొనుగోలు చేసే అధికారికి ఎస్.సి., ఎస్.టి. సరఫరాదారులను వెతికి పట్టుకోవలసిన ఒత్తిడి తగ్గింది. మొత్తం లక్ష్యాన్ని కేంద్ర సంస్థలు సులువుగా దాటగా, 4 శాతం ఉపలక్ష్యం మాత్రం తొలి దశాబ్దంలో చాలా దూరంగానే మిగిలిపోయింది. సరఫరాదారులు దొరకడం లేదన్న వాదనకు జవాబుగా 2016 అక్టోబరులో లూథియానాలో జాతీయ ఎస్.సి.–ఎస్.టి. హబ్‌ను ప్రారంభించారు. ఈ రకం డిమాండు అంతకుముందే ఉంది. 2002 జనవరి భోపాల్ ప్రకటనలో దళిత మేధావులు ప్రభుత్వ సరఫరాల్లో వాటా అడిగారు. 2005లో దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీ పుణెలో పుట్టింది.

ఈ ఉత్తర్వు పరిధి కూడా గమనించదగినది. ఇది వస్తువులకు, సేవలకే గాని సివిల్ పనులకు కాదు. కేంద్ర సంస్థలకే గాని రాష్ట్ర సంస్థలకు కాదు. తిరుపతిలో అందరికీ తెలిసిన అతిపెద్ద కొనుగోలుదారు తిరుమల తిరుపతి దేవస్థానం. అది 1987 నాటి రాష్ట్ర దేవాదాయ చట్టం కింద నడుస్తుంది. కాబట్టి కేంద్రపు 4 శాతం దానికి వర్తించదు.

రాష్ట్రంలోని పనుల సంగతి వేరు. రోడ్డు, కాలువ, పాఠశాల గది కట్టే కాంట్రాక్టరు తరగతుల వారీగా నమోదు కావాలి. అందుకు సాల్వెన్సీ పత్రం, అంటే ఆస్తి ఉన్నట్లు ధ్రువీకరణ, కావాలి. మన ప్రాంతంలో చాలా దళిత కుటుంబాలకు ఉన్న భూమి డి.కె.టి. పట్టా భూమి. 1977 చట్టం దాని అమ్మకాన్ని నిషేధించింది. అమ్మడానికి వీలులేని భూమికి ఆస్తి విలువ కట్టమని అడిగితే ఏ అధికారి అయినా వెనకాడతాడు. పేదకు రక్షణగా వచ్చిన చట్టమే ఇక్కడ అతడికి అడ్డు నిలిచింది. 2019 జులైలో రాష్ట్ర శాసనసభ టెండరు లేకుండా నామినేషన్‌పై ఇచ్చే పనుల్లో, సేవల్లో 50 శాతం బి.సి., ఎస్.సి., ఎస్.టి., మైనారిటీలకు కేటాయించే బిల్లును ఆమోదించింది. కర్ణాటక మరో అడుగు వేసి టెండరు పనుల్లోనే, ఒక పరిమితి లోపల, ఎస్.సి.లకు 17.15, ఎస్.టి.లకు 6.95 శాతం కేటాయించింది. కుప్పం దాటి కోలారు వైపు వెళితే నియమమే మారిపోతుందన్నమాట.

అమెరికాతో ఒక పోలిక

ఈ సమస్య మనకే పరిమితం కాదు. అమెరికాలో చిన్న వ్యాపార చట్టంలోని 8(ఎ) కార్యక్రమానికి 1978లో శాసనబద్ధమైన రూపం వచ్చింది. నల్లజాతి, హిస్పానిక్ తదితర సమూహాల వారిని సామాజికంగా వెనుకబడినవారిగా ముందే భావించేవారు. 1982లో భారత సంతతి వారు కూడా ఆ జాబితాలో చేరారు. ఈ ప్రాంతం నుండి అమెరికా వెళ్లి వ్యాపారం పెట్టిన ఒక అగ్రకుల కుటుంబం, ఆస్తి, ఆదాయ పరిమితులకు లోబడి, అక్కడ వెనుకబడిన వర్గంగా దరఖాస్తు చేసుకోగలిగేది. 2023 జులైలో టెనెసీలోని ఫెడరల్ కోర్టు ఈ ముందస్తు భావనను కొట్టివేసింది. ఆ తరువాత ప్రతి దరఖాస్తుదారుడూ తాను వ్యక్తిగతంగా ఎదుర్కొన్న వివక్షను వివరంగా రాసి నిరూపించుకోవలసి వచ్చింది. మన దేశంలో కుల పత్రం చూపితే సరిపోతుంది, బాధను కథగా రాయనక్కరలేదు. ఈ ఒక్క విషయంలో మన పద్ధతి మనిషి గౌరవాన్ని ఎక్కువగా కాపాడుతుందని చెప్పవచ్చు.

ఇటీవలి మార్పు

2020లో సూక్ష్మ సంస్థకు యంత్రాలపై పెట్టుబడి 1 కోటి, టర్నోవరు 5 కోట్లు. చిన్న సంస్థకు 10 కోట్లు, 50 కోట్లు హద్దులుగా ఉండేవి. 2025 ఏప్రిల్ 1 నుండి సూక్ష్మ సంస్థకు 2.5 కోట్లు, 10 కోట్లు; చిన్న సంస్థకు 25 కోట్లు, 100 కోట్లుగా పెంచారు. 1997లో వచ్చిన ప్రశ్నే మళ్లీ ముందుకు వచ్చింది. ఏడాదికి 90 కోట్ల వ్యాపారం చేసే కంపెనీ, శ్రీకాళహస్తిలో ఇద్దరు పనివాళ్లతో నడిచే వెల్డింగ్ షాపు ఇప్పుడు ఒకే 25 శాతం కోసం టెండరు వేస్తాయి. ఇద్దరి దగ్గరా ఉద్యమ్ పత్రమే ఉంటుంది. ఆ షాపు యజమాని ఎస్.సి. అయితే, 4 శాతం కోసం తహసీల్దారు ఇచ్చిన రెండవ పత్రాన్ని కూడా జతచేస్తాడు.