గుర్రం పట్టేంత సందు

మొన్న టీకొట్టు దగ్గర ఒకాయన అన్నాడు, "అమెరికావోళ్లు ఎకరానికి 30 వేల మొక్కలు పెడతారంట, అందుకే వాళ్లకి అంత దిగుబడి" అని. మాట సగం నిజం. మిగతా సగం తెలియక రెండేళ్ల కిందట నేను దెబ్బతిన్నాను. అందుకే ఇంత పెద్ద పోస్టు, కాస్త ఓపిక పట్టండి.

వందేళ్ల కిందట అయోవా, ఇల్లినాయిస్ రైతులు మొక్కజొన్న ఎలా వేసేవాళ్లో తెలుసా? మనం పత్తికి నిలువూ అడ్డం అచ్చు తోలి గింజ పెట్టినట్టే. చేను ఈ చివర నుంచి ఆ చివరకి ముడులు వేసిన తీగ లాగి కట్టేవాళ్లు. ముడి తగిలినచోటల్లా విత్తే యంత్రం మూడు నాలుగు గింజలు వదిలేది. కలుపు మందులు లేని రోజులాయె, రెండు వైపులా పాటు చేయాలి. లాగేది గుర్రం. అది పట్టాలి కాబట్టి సాళ్ల మధ్య 40, 42 అంగుళాలు. 42 లెక్కన ఎకరానికి సుమారు 3,550 కుదుర్లు, కుదురుకి మూడు నిలిచినా మొక్కలు పదివేల చిల్లర. అంటే ఎన్ని మొక్కలుండాలో తేల్చింది గుర్రం వెడల్పన్నమాట! 1930ల దాకా అమెరికా మొత్తం మీద సగటు ఎకరానికి 6 క్వింటాళ్ల చిల్లరే.

తర్వాత హైబ్రిడ్లొచ్చాయి, యుద్ధం అయ్యాక నత్రజని చవకైంది, ట్రాక్టరొచ్చి గుర్రాన్ని ఇంటికి పంపింది. సాళ్లు 30 అంగుళాలకు దగ్గరయ్యాయి. ఇప్పుడు సగటు 40 క్వింటాళ్లు దాటింది.

అసలు సంగతి ఇక్కడుంది. డొనాల్డ్ డువిక్ అనే విత్తన పరిశోధకుడు 1930ల నాటి రకాల నుంచి కొత్త హైబ్రిడ్ల దాకా పక్కపక్కనే వేసి చూశాడు. బాగా ఎడంగా వేస్తే, మొక్కకి ఎంత గింజ అన్న లెక్కలో పాతదానికీ కొత్తదానికీ పెద్ద తేడా లేదు. ఒత్తుగా వేస్తే మాత్రం పాతవి చేతులెత్తేశాయి. పీచు ఆలస్యంగా వచ్చింది, కొన్ని మొక్కలు కంకే వేయలేదు, కొన్ని పడిపోయాయి. కొత్తవి తట్టుకున్నాయి. వాటి ఆకులు నిటారుగా ఉంటాయి, మగపూత చిన్నది. ఒత్తులో నిలబడ్డ వాటినే తరం తరం ఏరుకుంటూ వచ్చారు మరి. ఆ విత్తనానికి తగ్గ ఎరువు, నీళ్లు కూడా పెట్టారు.

నేను చేసిందేంటంటే, కాలవ చివరి మడిలో, అవే రెండు బస్తాల యూరియాతో, జానెడు దూరంలో పెట్టాల్సినదాన్ని ఆరంగుళాలకి పెట్టాను. పీచు వేసే వారంలో నీళ్లు రాలేదు.

మీ చేను చూసుకోవాలంటే తేలిక. సాళ్ల మధ్య రెండున్నర అడుగులుంటే, ఒక సాలులో పదిహేడున్నర అడుగులు కొలిచి మొక్కలు లెక్కపెట్టండి. దాన్ని వెయ్యితో హెచ్చిస్తే ఎకరా లెక్క. అక్కడే కంకులు కూడా లెక్కపెట్టండి. ఆ ఏడు నాకు 35 మొక్కలకి 23 కంకులే.