ఉస్మానియా నుంచి మార్లవాయి దాకా

దేశభాషలో ఉన్నత విద్య బోధించిన తొలి విశ్వవిద్యాలయం ఏది? పోటీ పరీక్షల్లో తరచూ వచ్చే ప్రశ్న ఇది. మా పిల్లలు ఠక్కున ఉస్మానియా అంటారు. మార్కు వస్తుంది. ఆ జవాబు వెనకున్న సంగతి మేం ఉపాధ్యాయులమయ్యాక గానీ ఆలోచించలేదు.

అంతకుముందు మన దేశంలో కాలేజీ చదువంటే ఇంగ్లీషే. అక్బర్ హైదరీ విన్నపం మీద 1917లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా ఇచ్చాడు. 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. బోధన ఉర్దూలో. కానీ ఉర్దూలో భౌతికశాస్త్రం ఎక్కడుంది? రసాయనశాస్త్రం ఎక్కడుంది? పుస్తకాలు లేవు, పదాలూ లేవు. అందుకని దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను పెట్టారు. పండితులు కూర్చుని ఒక్కో శాస్త్రానికీ మాటలు తయారుచేశారు. తర్వాత వైద్యం, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలోనే చెప్పారు. ఈ భాషలో పెద్ద చదువు చెప్పలేం, దానికి మాటలు చాలవు అని మన భాషల గురించి ఎవరైనా అన్నప్పుడు మాకు ముందు గుర్తొచ్చేది ఆ అనువాద శాఖే. మాటలు చాలకపోతే తయారుచేసుకోవాలి. వాళ్లు చేసుకున్నారు.

అయితే ఉర్దూ ఎవరి భాష? సంస్థానంలో ఎక్కువమంది ఇళ్లలో వినిపించేది తెలుగు, మరాఠీ, కన్నడం. వాళ్లకు ఉర్దూ కూడా బడిలో నేర్చుకోవాల్సిన భాషే. 1938లో వందేమాతరం పాడినందుకు హాస్టళ్ల నుంచి వెళ్లగొట్టిన విద్యార్థుల్లో చాలామంది నాగపూర్ వెళ్లి చదువుకున్నారు. ఆ మరుసటి ఏడు, 1939లో, ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైంది. ఇప్పటికీ ఫోటోల్లో చూసి మురిసిపోతాం. ఇంకో ఏడు గడిచేసరికి జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాడు. ఇవి మూడూ ఒకే సంస్థానంలో, మూడేళ్లలో జరిగాయి. పాఠ్యపుస్తకాల్లో మాత్రం వేర్వేరు పాఠాల్లో ఉంటాయి.

భీం పోరాటం తర్వాత గోండుల స్థితిగతులు చూడమని సర్కారు ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో ఉన్నారు. అక్కడే 1943లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. చదువొచ్చిన గోండులు దొరకడమే కష్టమైన రోజులవి. గోండీ వాచకాలను దేవనాగరి లిపిలో రాశారు. మా వృత్తికి తొలి గడప ఆ కేంద్రమే అని మేం అనుకుంటాం. ఆ పని మొదలయ్యాక, 1945లో, హైమెండార్ఫ్ ఉస్మానియాలో మానవశాస్త్ర ఆచార్యుడయ్యాడు. చరిత్ర రాసేవాళ్లు విశ్వవిద్యాలయం నుంచి గూడేనికి వెలుగు వచ్చిందని రాస్తుంటారు. ఇక్కడ దారి ఎదురుగా నడిచింది. ఆయన ముందు మార్లవాయిలో నేర్చుకున్నాడు, తర్వాత ఉస్మానియాలో చెప్పాడు.

1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమం పోయి ఇంగ్లీషు వచ్చింది. రాష్ట్రాలు మారాక మా బడులు తెలుగులోకి వచ్చాయి. గోండీ వాచకాలు మూలపడ్డాయి.

గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఉస్మానియా పుట్టిన సరిగ్గా నూరేళ్లకు. ఇప్పుడు సెల్‌ఫోనులోనూ గోండీ రాయొచ్చు. అయినా ఒకటో తరగతిలో 'నీళ్లు' అని బొమ్మ చూపిస్తే పిల్ల 'యేర్' అంటుంది. మాలో కొందరం తప్పు అని దిద్దేవాళ్లం. ఇప్పుడు బోర్డు మీద రెండు మాటలూ రాస్తున్నాం, యేర్ ముందు, నీళ్లు పక్కన.