తుంగభద్ర ఆనకట్టకు ఉక్కు తలుపులు

తుంగభద్రపై ఆనకట్ట కట్టవలెనను ఆలోచన పందొమ్మిదవ శతాబ్దమునందే పుట్టినది. రాయలసీమను పీడించిన కరవులు దానిని మాటిమాటికి జ్ఞప్తికి తెచ్చినవి. తుదకు మదరాసు ప్రభుత్వమును, హైదరాబాదు సంస్థానమును ఒడంబడికకు రాగా, 1945 ఫిబ్రవరి 28న హోస్పేట చెంత పనికి శంకుస్థాపన జరిగెను. 1953లో జలాశయమున నీరు నిలిచెను.

నదికి అడ్డముగా లేచిన ఆ గోడ రాతికట్టడము. అయినను నిండు జలాశయమున పైభాగపు నీటిని ఆపునది రాయి కాదు, ఉక్కు. నీరు పొర్లు గట్టుమట్టము 1,613 అడుగులు. జలాశయపు పూర్తిమట్టము 1,633 అడుగులు. నడుమనున్న 20 అడుగుల నీటిని 33 తలుపులు నిలుపుచున్నవి. ఒక్కొక్కటి 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు గలది. తలుపు బరువునకు సరితూగు మరియొక బరువును గొలుసులతో కట్టుటచే దానిని ఎత్తుట, దించుట సులభమగును. రాయి కదలదు. ఉక్కు కదలును, త్రుప్పు పట్టును, లంకె లంకెగా అరిగిపోవును.

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి, జలాశయము నిండియున్న వేళ, 19వ తలుపు గొలుసు తెగి తలుపు కొట్టుకొనిపోయెను. కట్టడముపై ఒత్తిడి తగ్గించుటకై తక్కిన తలుపులనుండియు నీరు వదలవలసివచ్చెను. కాలువల కందవలసిన నీరు కళ్లయెదుటనే నదిపాలగుచుండ, అనంతపురము, కర్నూలు, బళ్లారి, రాయచూరు ప్రాంతముల రైతులు నాటిన పైరును తలచి కలవరపడిరి.

పెక్కు ఆనకట్టలలో తలుపునకు ముందు వేరుగా గాడులుండును. ఉక్కు దూలములను క్రేనుతో ఆ గాడులలోనికి ఒకదానిపై నొకటిగా దించి నీటిని ఆపి, వెనుకనున్న తలుపును బాగుచేయుదురు. వీనికి స్టాప్‌లాగులని పేరు. తుంగభద్రలో ఆ ఏర్పాటు లేదు. కావున పోయిన తలుపు స్థానముననే తాత్కాలికపు అడ్డు నిలుపవలసివచ్చెను. తలుపుల పనిలో చేయి తిరిగిన ఎన్. కన్నయ్యనాయుడు గారి పర్యవేక్షణలో, 60 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు గల ఐదు ఉక్కు పలకలు సిద్ధమైనవి. ఐదింటిని పేర్చినచో సరిగా 20 అడుగులు.

వానిని తయారుచేయుటకన్న దించుటయే కష్టతరము. పారు నీరు పలకను గాడి గోడకు అదిమిపట్టును. ఒక కొస ఏమాత్రము వంగినను అది నడుమనే బిగుసుకొనును. జలాశయమును గట్టుమట్టము వరకు ఖాళీచేసినచో పని సులభమయ్యెడిది గాని, పంటకు నీరు మిగిలెడిది కాదు. అందుచే ప్రవాహములోనే పని సాగించి, ఆగస్టు 17వ తేదీకి ఐదు పలకలను అమర్చిరి. అప్పటికి 30 టి.ఎం.సి.లకు పైగా నీరు పోయినను, తక్కినది దక్కినది.

పలకలు తాత్కాలికమే. పిమ్మట నిపుణులు 33 తలుపులను మార్చవలెనని సూచించిరి. 2025 వర్షకాలమున పాత తలుపులపై భారము పడకుండుటకై నిల్వను 80 టి.ఎం.సి.లకు పరిమితము చేసిరి. జలాశయపు సామర్థ్యము 105 టి.ఎం.సి.లకు పైమాట. అనగా నది తెచ్చియిచ్చిన నీటినే నిలుపుకొనలేని స్థితి యేర్పడెను. ఆనకట్ట కట్టుట ఒకనాటితో ముగియును. దాని గొలుసును, గాడిని, తలుపును ఏటేట పరీక్షించి కాపాడుట ఎన్నటికిని ముగియదు. ఆయకట్టు పంట ఈ రెండవ పనిపైననే ఆధారపడియున్నది.