రూపాయికి అర అణా నుంచి

1936కు ముందు మన దేశంలో జీతంలో ఎంత కోయాలన్నది యజమాని ఇష్టం. బొంబాయి మిల్లుల్లో గుడ్డ చెడిపోతే దాన్ని నేత కార్మికుడికే అంటగట్టి, ఖరీదు కూలిలో కోసేవారు. ఆలస్యంగా వస్తే జరిమానా వేరు. 1931లో కార్మికుల స్థితిగతులపై విట్లీ కమిషన్ నివేదిక ఇచ్చాక వేతన చెల్లింపుల చట్టం వచ్చింది. చట్టం చెప్పిన పద్దుల్లో తప్ప దమ్మిడీ కోయకూడదంది. జరిమానా రూపాయికి అర అణా దాటకూడదు. ఆ డబ్బూ కార్మికుల మేలుకే వాడాలి. పదిహేనేళ్లు నిండని పిల్లలకు అసలు వేయకూడదు. కూలివాడి చేతి డబ్బుకు కంచె వేసిన చట్టమిది. దీనికి రావలసినంత పేరు రాలేదు.

జీతంలో కోత పడే ఆదాయపు పన్ను ఇంకా పాతది. 1857 తిరుగుబాటు తర్వాత ఖాళీ అయిన ఖజానా కోసం 1860లో బ్రిటిష్ ప్రభుత్వ ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్ తెచ్చాడు. ఇప్పుడు జీతమిచ్చేవారే టీడీఎస్‌గా పట్టి కడుతున్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక కోత తీరే మారింది. 1952లో కాన్పూరు, ఢిల్లీల్లో మొదలైన కార్మికుల ఆరోగ్య బీమా పథకం ఈఎస్ఐ 1955లో హైదరాబాదుకు వచ్చింది. నేడు జీతం 21,000 లోపు ఉన్నవారి నుంచి 0.75 శాతం పోతుంది, యాజమాన్యం 3.25 శాతం కడుతుంది. అదే 1952 నాటి భవిష్య నిధి (పీఎఫ్) చట్టం మొదట సిమెంటు, సిగరెట్లు, కాగితం, జౌళి వంటి ఆరు పరిశ్రమలకే పరిమితం. వాటా ఆరుంపావు శాతం. ఇప్పుడది పన్నెండు.

ఇక్కడే చాలామంది తికమకపడతారు. బేసిక్, డీఏ కలిపి 15,000 ఉంటే ఉద్యోగి నుంచి 1,800 పోతుంది. యాజమాన్యమూ 1,800 వేస్తుంది. కానీ అందులో 1,250 పింఛను పథకానికి వెళ్లి, 550 మాత్రమే పీఎఫ్‌లో పడుతుంది. పాస్‌బుక్కులో కంపెనీ వాటా తక్కువగా కనిపించేది అందుకే.

వృత్తి పన్ను తెలుగు రాష్ట్రాల్లో జీతం 20,000 దాటితే నెలకు 200. 2004 సెప్టెంబరు నుంచి చేరిన రాష్ట్ర ప్రభుత్వోద్యోగులకు సీపీఎస్ అనే పింఛను పథకం కింద బేసిక్, డీఏల్లో పది శాతం కోత పడింది. అంతకు ముందు చేరినవారికి పింఛను కోసం జీతంలో కోతే లేదు. సీపీఎస్ ఉద్యోగుల ఆవేదన న్యాయమైనదే.

ఉద్యోగి వాటా కోసి పీఎఫ్‌లో కట్టకపోవడాన్ని 1973లోనే చట్టం నమ్మకద్రోహ నేరంగా చేర్చింది. అయినా కట్టని సంస్థలు ఉన్నాయి. పే స్లిప్పులో కోత పడిందని ఊరుకోకండి. మీ పీఎఫ్ గుర్తింపు సంఖ్య యూఏఎన్‌తో పాస్‌బుక్కు తెరిచి జమ అయిందో లేదో చూడండి. కాకపోతే పీఎఫ్ కార్యాలయానికి వెంటనే ఫిర్యాదు చేయండి.